తుప్పు, బెల్లం, బాల్టిమోర్

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండీ. పాపకి అమెరికాలో బాల్టిమోర్‌లోని ఆర్ట్ కాలేజీ మైకాలో సీటొచ్చింది. వేరే రాష్ట్రంలో, పార్కులా పచ్చగా ఉండే క్యాంపస్‌లో కూడా ఆర్ట్ డిగ్రీకి సీటుంది. టీవీలో చూసిన నేరాల వార్తలవల్ల బాల్టిమోర్ పేరెత్తితే ఇంట్లో అందరికీ టెన్షన్. పాపేమో "అలాంటి మొరటు ఊళ్ళోనే అసలైన ఆర్టిస్టులు తయారవుతారు" అంటోంది. ఎవరి మాట వినాలి అని అడిగారు.

నన్నడిగితే ఇద్దరూ సగం సగం తప్పే. ఊరు ఎవర్నీ ఆర్టిస్టుని చెయ్యదండీ. తక్కువ అద్దెకి పెద్ద గది ఇస్తుంది. మొహమాటం లేకుండా మాట్లాడే పదిమందిని ఇస్తుంది. దాంతోపాటు ఒక అప్పు కూడా నెత్తిన పెడుతుంది. ఆ అప్పు సంగతి కాస్త ఆగి చెప్తాను, అసలు కథంతా అక్కడే ఉంది.

నేను పెడన దాన్ని. మా నాన్న అద్దకం పనివాడు. బల్ల మీద గోనెపట్టాలు పరిచి, వాటి మీద బట్ట వేసి, టేకు అచ్చుల్తో పొద్దున్నించి సాయంత్రం దాకా టప్ టప్ మని కొట్టడమే మా ఇంటి చప్పుడు. 2003లో ప్రింట్‌మేకింగ్, అంటే అచ్చుల్తో బొమ్మలు వేసే పని, చదవడానికి ఇక్కడికి, బాల్టిమోర్‌కి వచ్చాను. రెండేళ్ళుండి పోదామనుకున్నదాన్ని, ఉండిపోయాను. ఇప్పుడు ఒక పాత ఫ్యాక్టరీలో ముగ్గురితో కలిసి స్టూడియో నడుపుతున్నాను, శనివారాలు పిల్లలకి అచ్చుపని నేర్పుతాను.

ముందు ఈ ఊరు ఇలా ఎందుకుందో తెలియాలి, లేకపోతే టీవీలో చూసిందే మిగులుతుంది. 1950లో ఇక్కడ జనాభా దాదాపు తొమ్మిదిన్నర లక్షలు. 2020 లెక్కల్లో 5,85,708. అంటే పదిమందిలో నలుగురు లేరన్నమాట. ఊరి చివర స్పారోస్ పాయింట్ ఉక్కు ఫ్యాక్టరీలో 1950ల చివర సుమారు ముప్పై వేలమంది పనిచేసేవాళ్ళు. అది క్షీణించి క్షీణించి 2012లో మూతపడింది. దానికి ముందే ఇంకో పాపం జరిగింది. తెల్లవాళ్ళు ఎక్కువగా ఉండే వీధిలో నల్లవాళ్ళు కాపురం పెట్టకూడదని 1910లోనే చట్టం చేసిన ఊరిది. అమెరికాలో అలాంటిది అదే మొదలు. 1917లో సుప్రీంకోర్టు అలాంటి చట్టాలు చెల్లవంది. చట్టం పోయాక బ్యాంకులు ఆ పని అందుకున్నాయి, ఫలానా వీధులకి అప్పులివ్వం అని. డబ్బున్నవాళ్ళు శివార్లకి పోయారు. మిగిలిన వీధుల్లో ఇళ్ళు ఒక్కొక్కటీ ఖాళీ అయ్యాయి. ఇప్పటికీ పదివేలకి పైనే ఉంటాయి, కిటికీలకి ప్లైవుడ్ కొట్టి ఉన్న ఇళ్ళు.

ఆర్టిస్టులకి దొరికే చవక అద్దె ఈ ఖాళీలోంచి పుట్టిందే. పాప ఈ ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు, సగం తెలివి వచ్చినట్టే.

ఆ చవక ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెప్తాను. గోళీసోడా పోయాక వచ్చిన సీసాలకి అంచులు మడిచిన రేకు మూత ఉంటుందే, దాన్ని 1892లో కనిపెట్టిన విలియం పెయింటర్ ఈ ఊరివాడే. ఆ మూతలు చేసిన క్రౌన్ కార్క్ అండ్ సీల్ ఫ్యాక్టరీ భవనాల్లో ఒకదాన్ని ఇప్పుడు కాపీక్యాట్ బిల్డింగ్ అంటారు. నిలువెత్తు కిటికీలు, లారీ ఎక్కినా కుంగని నేల. మెషీన్లు పోయాక అందులోకి పెయింటర్లు, బ్యాండ్లవాళ్ళు, తోలుబొమ్మల్లాంటివి చేసేవాళ్ళు చేరారు. 2000ల మధ్యలో వామ్ సిటీ అనే గుంపు అక్కడే ఉండేది, డ్యాన్ డీకన్ అనే సంగీతకారుడు అందులోంచి వచ్చినవాడే. ఊళ్ళో 1982 నుంచీ ఆర్ట్స్‌కేప్ అని పెద్ద పండగ జరుగుతోంది. వీళ్ళు దానికి పోటీగా 2006లో వార్ట్‌స్కేప్ అని సొంత పండగ పెట్టుకున్నారు. పేరులోనే వెక్కిరింత చూడండి. ఇరవై రెండేళ్ళ పిల్లలు స్పాన్సర్ లేకుండా పండగ పెట్టగలిగారంటే దానికి కారణం ఎనిమిదిమంది పంచుకున్న అద్దె. న్యూయార్క్‌లో అదే వయసువాళ్ళు రెండు ఉద్యోగాలు చేసి, రాత్రి పదకొండింటికి ఇంటికొచ్చి, మంచం మీద స్కెచ్ వేసుకుంటారు.

చవక గదివల్ల వచ్చేది టైమ్, దాంతోపాటు సైజు. మూడడుగుల గదిలో పెరిగిన మొక్క మూడడుగులే ఎదుగుతుంది. నా మొదటి పదడుగుల ప్రింట్ ఇక్కడే వేశాను, ఆరబెట్టడానికి చోటుంది కాబట్టి. అయితే ఆ గది కప్పు కారేది. ఒక ఆగస్టు వానకి నూట ఇరవై కాగితాలు తడిసి ముద్దయ్యాయి. ఓనర్‌కి ఫోన్ చేస్తే "అద్దె ఎంతిస్తున్నావో గుర్తుందా" అన్నాడు. గుర్తుంది, నోరు మూసుకున్నాను.

ఇక మనుషుల సంగతి. ఇక్కడివాళ్ళు ఊరిని స్మాల్టిమోర్ అని కూడా అంటారు, ఎవర్ని కదిపినా మనకి తెలిసినవాడికి తెలిసినవాడే అవుతాడని. ఇది కొత్త ఆర్టిస్టుకి వరమూ శిక్షా. పెద్ద ఊళ్ళో మన షో ఎవరికీ నచ్చకపోతే ఎవరూ ఏమీ అనరు, వైన్ తాగి పోతారు. ఇక్కడ మర్నాడు కాఫీ షాపులో కౌంటర్ వెనకున్న పిల్ల కూడా ఆర్టిస్టే, "నిన్న నీ మూడో బొమ్మ చూశాను, ఎందుకంత తొందరపడ్డావ్?" అని అడుగుతుంది. నా మొదటి షోకి పద్నాలుగుమంది వచ్చారు. అందులో పదకొండుమంది నన్ను తర్వాత పదేళ్ళూ వదల్లేదు. అప్పు ఇచ్చారు, బరువులు మోశారు, చెత్తగా ఉంటే చెత్తగా ఉందన్నారు. వాళ్ళ షోలకి నేను పోకపోతే అలిగారు కూడా. ప్రతి శుక్రవారం ఎవరిదో ఒకరి షో ఉంటుంది, తప్పించుకోవడం కష్టం. మన ఊళ్ళల్లో పెళ్ళిపిలుపుల్లాంటిదే అనుకోండి.

ఎమీ షెరల్డ్ పేరు పాపకి తెలిసే ఉంటుంది. మిషెల్ ఒబామా బొమ్మ వేసిన పెయింటర్. ఆ బొమ్మ 2018 ఫిబ్రవరిలో వాషింగ్టన్‌లో ఆవిష్కరించారు. అందరూ ఆ రోజు నుంచే కథ మొదలుపెడతారు. ఆమె మైకాలో ఎమ్మెఫ్ఫే, అంటే ఆర్ట్‌లో పీజీ, ముగించింది 2004లో. అక్కడ ఆమెకి పాఠం చెప్పిన గ్రేస్ హార్టిగన్ కూడా న్యూయార్క్‌లో పేరు తెచ్చుకుని, 1960లో దాన్నొదిలి బాల్టిమోర్ వచ్చి, ఇక్కడే నలభై ఏళ్ళకి పైగా పాఠాలు చెప్పిన మనిషి. డిగ్రీ చేతికొచ్చాక షెరల్డ్ చేసింది హోటల్లో సర్వర్ పని. ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా బల్లల దగ్గర ఆర్డర్లు తీసుకుంది. 2012లో గుండె మార్పిడి జరిగింది. 2016లో జాతీయ పోర్ట్రెయిట్ పోటీ గెలిచింది. మధ్యలో పన్నెండేళ్ళు. ఆ పన్నెండేళ్ళలో ఈ ఊరు ఆమెకి ఇచ్చిందేమిటంటే, సర్వర్ జీతంతో స్టూడియో అద్దె కట్టగలిగే వీలు, రోడ్డు మీద కనపడే మొహాలు. దారినపోయే ఎవర్నో చూసి "నీ బొమ్మ వేసుకోనా" అని అడిగి వేసినవే ఆమె చిత్రాల్లో చాలా ఉన్నాయి.

పాపకి షెరల్డ్ కంటే జాయిస్ స్కాట్ గురించి చదవమనండి. 1948లో ఇక్కడే పుట్టి, ఇక్కడే డిగ్రీ చదివి, ఇక్కడే ఉండిపోయిన మనిషి. పూసలు కుట్టి శిల్పాలు చేస్తుంది, మన ఇళ్ళలో గుమ్మాలకి పూసల తోరణాలు కుట్టినట్టే సూదీ దారంతో. విషయాలు మాత్రం జాత్యహంకారం, హింస. దగ్గరికెళితే ముద్దొచ్చే పని, ఇంకా దగ్గరికెళితే ఒళ్ళు జలదరిస్తుంది. కుట్టు నేర్పింది తల్లి ఎలిజబెత్ టాల్ఫర్డ్ స్కాట్. ఆవిడ బొంతలు కుట్టేది, అవీ ఇప్పుడు మ్యూజియాల్లో ఉన్నాయి. జాయిస్‌కి 2016లో మెకార్థర్ ఫెలోషిప్ అనే పెద్ద గౌరవం వచ్చింది. అప్పటికీ ఆమె ఉండేది శాండ్‌టౌన్‌లోనే, టీవీవాళ్ళు మీకు చూపించి భయపెట్టే పేటలో.

అసలు ఆర్టిస్టులొచ్చి ఈ ఊరికి కళ తెచ్చారనేది పెద్ద అబద్ధం. 1913లో విలియం ఒక్తావెక్ అనే చెక్ జాతి కిరాణావాడు, ఎండకి కూరగాయలు బయటపెడితే వాడిపోతున్నాయని, కొట్టు తలుపుకున్న దోమతెర మీదే పళ్ళూ కూరలూ బొమ్మ గీశాడు. పొరుగింటావిడకి అందులో ఇంకో లాభం కనపడింది. బయటివాళ్ళకి బొమ్మ కనిపిస్తుంది, లోపలున్నవాళ్ళు కనపడరు, లోపల్నించి మాత్రం వీధి అంతా చూడొచ్చు. ఆనుకుని ఆనుకుని ఉండే వరస ఇళ్ళలో, కిటికీ కాలిబాటకి మూరెడు దూరంలో ఉంటే, ఆ తెర ఎంత అవసరమో మీరే ఊహించుకోండి. వీధులకి వీధులు ఆ తెరలతో నిండిపోయాయి. ఎక్కువగా వేసేది ఎర్రకప్పు ఇల్లు, పక్కన చెరువులో హంసలు. ఆ ఇళ్ళ ముందు తెల్ల పాలరాతి మెట్లుంటాయి. శనివారం శనివారం ఆడవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని వాటిని తోమేవాళ్ళట. మా అమ్మ పెడనలో గడప కడిగి పసుపు రాసి ముగ్గు పెట్టేది. మొదటిసారి ఆ మెట్ల ఫోటో చూసినప్పుడు నాకు ఇంటిమీద బెంగ పుట్టుకొచ్చింది.

ఇప్పుడు అప్పు సంగతి.

2011లో అనుకుంటా, ఒక రిక్రియేషన్ సెంటర్ బేస్‌మెంట్‌లో పిల్లలకి అచ్చుపని చెప్తున్నాను. రంగులకి డబ్బుల్లేవు. మా నాన్న నలుపు చేసే పద్ధతి గుర్తొచ్చింది. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం, నీళ్ళు. కుండలో వేసి మూతపెట్టి రెండు వారాలు పులియబెడితే వచ్చే నీళ్ళని, కరక్కాయ పట్టించిన బట్ట మీద అద్దితే చూస్తుండగానే నల్లబడుతుంది. ఇనుముకి ఈ ఊళ్ళో కొదవేమిటి! రెండు వీధుల అవతల వరసలో ఒక ఇల్లు కూలగొడుతున్నారు. పిల్లలు వెళ్ళి ఇటుకల్లోంచి మేకులు ఏరుకొచ్చారు, పాతకాలపు చదరం మేకులు. బెల్లం రూట్ ఫార్టీ అనే రోడ్డు మీదున్న ఇండియన్ స్టోర్ నుంచి నేను తెచ్చాను. పెయింట్ బకెట్లో నానేశాం. పదో రోజుకి ఆ కంపు పైన బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ళ దాకా పోయింది, ఎలకేదో చచ్చిందని వెతికారు. పిల్లలు మాత్రం రోజూ వచ్చి మూత తీసి, ముక్కు మూసుకుని, నవ్వుకుని పోయేవాళ్ళు.

మొదటి అద్దకం పాడైంది. జిగురు చాలక రంగు పాకి అంచులన్నీ అలికినట్టయ్యాయి. మా నాన్న ఉంటే అచ్చు చేతిలోంచి లాక్కునేవాడు. రెండోసారి తుమ్మజిగురు ఎక్కువ కలిపాం, నిలిచింది. కాటుక నలుపు కాదది, కాస్త గోధుమ కలిసిన నలుపు. నేను తెగ మురిసిపోయాను. "చూశారా, ఈ ఊరి తుప్పే ఈ ఊరి రంగు" అని ఏదో డైలాగు కూడా కొట్టాను. పదమూడేళ్ళ కుర్రాడొకడు తలెత్తకుండా అన్నాడు, "ఆ మేకులు మా అత్త ఇంటివి."

నోట మాట రాలేదు. వాడికి ఆ ఇంట్లో ఏ గది ఎక్కడుందో తెలుసు. మెట్ల కింద వాడి సైకిలుండేదట. వాడు ఆ రోజు చెక్క ముక్క మీద తలుపు నెంబరు చెక్కాడు, నాలుగంకెలు, తిరగేసి చెక్కాలని మర్చిపోయి. బట్ట మీద నెంబరు తిరగబడి పడింది. మళ్ళీ చెక్కుదామా అన్నాను. వద్దన్నాడు, లోపల్నించి చూస్తే అలాగే కనపడేదన్నాడు, తలుపు పైన గాజుమీద రాసిన నెంబరు.

అంతకుముందు ఏడేళ్ళూ నేను ఈ ఊరి శిథిలాల్ని టెక్స్చర్ అని పిలిచాను. పెచ్చులూడిన గోడలు ఫోటోలు తీసి, అచ్చువేసే సిల్క్ స్క్రీన్‌కి ఎక్కించి, ప్రింట్లు అమ్ముకున్నాను. ఆ గోడ ఎవరి ఇంటిదో అడగలేదు. అడగడానికి ఇబ్బందేమీ లేదు, ఎదురు మెట్ల మీద మనుషులు కూర్చునే ఉన్నారు. ఆ తర్వాత గోడల ఫోటోలు మానేశాను. ఒక ఏడాది పాటు ఏమీ వెయ్యలేకపోయాను కూడా. తర్వాత వేసినవే ఇప్పటికీ నేను నావని చెప్పుకునే పనులు.

ఏటా కొత్తగా వచ్చే పిల్లల్లో కొందరు నేను చేసిన పనే చేస్తారు. ప్లైవుడ్ కిటికీ ముందు నిలబడి ఫోటో, కింద ఊరి పేరు. "మొరటు ఊరు" అనే మాటలో నాకు నచ్చనిది అదే. మొరటుతనం మనకి బ్యాక్‌గ్రౌండు, ఎదురింటివాళ్ళకి అది కారే పైపు, రాని బస్సు. 2015 ఏప్రిల్‌లో పోలీసుల అదుపులో ఫ్రెడ్డీ గ్రే అనే యువకుడు చనిపోయినప్పుడు ఊరంతా రోడ్డెక్కింది. ఆ రోజుల్లో తీసిన ఫోటోల్లో ప్రపంచమంతా చూసింది డెవిన్ అలెన్ తీసినది, మే నెలలో టైమ్ పత్రిక ముఖచిత్రంగా వచ్చింది. అతను వెస్ట్ బాల్టిమోర్ కుర్రాడు, తనంతట తను నేర్చుకున్నవాడు. తర్వాత కెమెరాలు పోగుచేసి పేటల్లో పిల్లలకి పంచాడు. అక్కడ బయటినుంచి వచ్చిన కెమెరాలు వందల్లో ఉన్నాయి. ఎవరి ముందు నిలబడ్డాడో అతనికి తెలుసు, తేడా అదే.

చవక గది కూడా శాశ్వతం కాదని చెప్పకపోతే అన్యాయం. 2016 డిసెంబర్ 2న కాలిఫోర్నియాలో ఓక్లాండ్‌లోని ఘోస్ట్ షిప్ అనే గోడౌన్ తగలబడి 36 మంది చనిపోయారు. అదీ ఆర్టిస్టులు ఉండే చోటే. మూడు రోజులకి ఇక్కడ బెల్ ఫౌండ్రీ అనే భవనం నుంచి అధికారులు అందర్నీ ఖాళీ చేయించారు, చలికాలంలో. నేనప్పుడున్న చోటుకీ నోటీసొచ్చింది. పదకొండుమందిమి ప్రెస్సు విడదీసి, ముక్కలుగా, అరువు తెచ్చిన వ్యాన్లో మోశాం. ఫైర్ సేఫ్టీ లేదన్నది నిజమే. దాన్ని సరిచెయ్యకుండా ఓనర్ పన్నెండేళ్ళు అద్దె తీసుకున్నదీ నిజమే. అందుకే పాప ఎక్కడ గది తీసుకున్నా స్ప్రింక్లర్లు ఉన్నాయా, బయటికి రెండో దారి ఉందా అని మీరు స్వయంగా చూడండి. ఇందులో మొహమాటపడొద్దు.

భద్రత గురించి సూటిగా చెప్తాను. నా సైకిలు రెండుసార్లు పోయింది, కారు అద్దం ఒకసారి పగిలింది, నా మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. నా అదృష్టాన్ని మీకు గ్యారంటీగా ఇవ్వలేను. కాలేజీ ఉన్న బోల్టన్ హిల్ చెట్లతో చక్కగా ఉంటుంది, నాలుగు వీధులు దాటితే వేరే లోకం. రాత్రి రెండింటికి స్టూడియో నుంచి ఒక్కతే నడిచి రాకూడదు, అంతే. ఇద్దరు ముగ్గురితో కలిసి రావాలి. పొరుగువాళ్ళని పేరుపెట్టి పలకరించడం నేర్చుకోవాలి. నా సైకిళ్ళలో ఒకటి దొరికిందంటే ఎదురింటి పెద్దాయన ఎవరు తీశారో చూసి వెళ్ళి అడిగితేనే.

నాకు అసలు భయం డబ్బు దగ్గర. ట్యూషనే ఏడాదికి యాభై వేల డాలర్లు దాటుతుంది. అంత అప్పు తలమీద పెట్టుకుంటే చవక అద్దెతో వచ్చే లాభమంతా ఈఎమ్ఐకి పోతుంది. షెరల్డ్‌లా పన్నెండేళ్ళు ఓపిక పట్టే వీలే ఉండదు. స్కాలర్‌షిప్ సగానికి పైగా వస్తే పంపండి. రాకపోతే ఆ పచ్చ క్యాంపస్‌లో చదివించి, డిగ్రీ అయ్యాక రెండేళ్ళు ఇక్కడ గది తీసుకోమనండి. ఈ ఊరు ఇచ్చేవాటిలో చాలా వాటికి ఫీజు కట్టక్కర్లేదు. బాల్టిమోర్ ఆర్ట్ మ్యూజియం, వాల్టర్స్ ఆర్ట్ మ్యూజియం రెండూ 2006 నుంచి ఉచితం. మొదటిదాంట్లో కోన్ అక్కచెల్లెళ్ళు కొన్న ఫ్రెంచ్ పెయింటర్ మతీస్ బొమ్మలు వందల్లో ఉన్నాయి. జీన్స్ గుడ్డ నేసే మిల్లుల డబ్బుతో కొన్నవి, మా పెడనవాళ్ళకి అది విని సంతోషమేస్తుంది.

నిర్ణయించుకునే ముందు ఒకసారి పాపని తీసుకుని రండి. కాలేజీ వాళ్ళు తిప్పే టూర్ ఒక్కటే చూసి పోవద్దు. ఏప్రిల్‌లో విద్యార్థుల ఆఖరి సంవత్సరం షోలుంటాయి, అప్పుడు రండి, ఒక శుక్రవారం సాయంత్రం ఆర్టిస్టుల పేట స్టేషన్ నార్త్‌లో నడుద్దాం. మర్నాడు శనివారం నా క్లాసుకి రండి, పాపని బల్లముందు కూర్చోబెట్టి పక్కకి జరుగుదాం. ఆ పిల్లలతో ఎలా మాట్లాడుతుందో చూస్తే నాకంటే మీకే బాగా తెలుస్తుంది.

వచ్చేటప్పుడు వీలైతే రూట్ ఫార్టీలో ఆగి రెండు కిలోల నల్ల బెల్లం పట్టుకురండి. బకెట్ అడుగంటింది.